తాబేలు కోసం కోసిన వల

నేను బీఎస్సీ పాసయ్యాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. చదివింది యానాంలోనే; రిజల్టు కోసం పాండిచ్చేరి వచ్చి, అక్కడి పెద్ద కాలేజీ బోర్డు మీద నా నంబరు చూసుకున్నాను. చెప్పుకుందామంటే ఆ ఊళ్ళో ఒక్కరూ తెలియదు. సంతోషం పట్టలేక సముద్రం ఒడ్డునే నడుస్తూ వైతికుప్పం అనే జాలర్ల పేట చేరాను.

అక్కడ ఇసుకలో ఒకే ఒక్క వల చుట్టూ బోలెడుమంది కూర్చుని బాగుచేస్తున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ తెలుగులో మాట్లాడుతుంటే ఆగిపోయాను. నెల్లూరు వైపు నుంచి కోడలుగా వచ్చిందట.

"ఒక్క వలకి ఇంతమందేంటి పిన్నీ?" అని అడిగాను.

"తెల్లారి మా వల్లో తాబేలు చిక్కింది పాపా. మా ఆయన వల కోసి దాన్ని వదిలేసినాడు. సాయంత్రానికి వల కుదరకుంటే పడవ కదల్దు, మా పొయ్యి వెలగదు. అందుకే ఇంటికొకరు వచ్చి కుట్టాల. అది మా ఊరి కట్టుబాటు. లేకుంటే ఎవురు కోస్తారు వల?"

నేను పాసైన సంగతి ఆవిడకే మొదట చెప్పేశాను. ఆవిడ ఆ మాట అరవంలో అందరికీ చాటి, వల అంచు నా చేతికిచ్చింది.

"మంచిది. గట్టిగా పట్టుకో."

"నాది ఈ ఊరు కాదు పిన్నీ."

"ఈ పొద్దు యాడుండావు మరి?"

ఆవిడ అదీ అరవంలో చెప్పేసరికి అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను.

సాయంత్రం పడవ వెళ్ళింది. నేను పోస్టాఫీసుకి పరిగెత్తేసరికి ట్రంక్‌కాల్ కౌంటర్ మూసేశారు. ఇంకా ఫోన్ చేయాల్సిన వాళ్ళు: నాన్న పనిచేసే కలప డిపో, అమ్మని పిలిచిపెట్టే పక్కింటి డాక్టరుగారు, కాకినాడలో మావయ్య ఆఫీసు, మా లెక్కల మాస్టారి బడి. వైతికుప్పానికి మాత్రం అక్కర్లేదు. అక్కడ ఇంటికొకరికి ముందే తెలుసు.