సుక్రి చెయ్యి వేసిన చెట్టు

దయ్యాలూ ఆత్మలూ నేనెప్పుడూ నమ్మలేదు. నేనూ ఏజెన్సీ పిల్లనే. మా ఊళ్లో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్లను, అదీ ఎలక్ట్రానిక్స్. మీటరు ముల్లు కదిలితే కరెంటు ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు. ఇప్పటికీ నా నమ్మకం అంతే. పాప నిద్రపోయింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

మా అత్తవారి ఊరు పాడేరు నుంచి జీపులో వెళ్లాలి. ఇంటి వెనక కాఫీ తోట. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు, ప్రతి చెట్టుకూ మిరియం తీగ. మా మామ పేరు సుక్రు. నా కాన్పుకు ముందే పోయాడు. ఆయనకు పాటలంటే ప్రాణం. విశాఖలో ఎవరో వాడి అమ్మేసిన స్టీరియో సెట్టు తెచ్చుకున్నాడు. రేడియో ట్యూనరు, ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు. ఆయన పోయాక వాటిని దుప్పటి కప్పి మూలన పెట్టేశారు.

మా వైపు బిడ్డకు పేరు పెట్టేటప్పుడు పూజలు చేసే గురువు నీళ్లలో రెండేసి బియ్యం గింజలు వదులుతూ పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే పలుకుతాడు. ఏ పేరు దగ్గర గింజలు రెండూ కలుస్తాయో ఆ పెద్ద తిరిగి వచ్చినట్టు. మా పాపకు మామ పేరు దగ్గర కలిశాయి. అందుకే సుక్రి. ఆ రోజు నుంచి అత్త పాపను పేరుతో పిలవదు. మొగుడి పేరు కదా. ఆయన్ని పిలిచినట్టే "ఇదిగో" అంటుంది. నాకది ముచ్చటగానే ఉండేది, అంతకు మించి ఏమీ అనిపించలేదు.

నా భయం వేరు. సుక్రికి మూడేళ్లు కావస్తున్నా ఒక్క మాట లేదు. పిలిస్తే మా వైపు తిరగదు. విశాఖలో డాక్టరు చెవుల పరీక్షకు తారీఖు ఇచ్చారు. ఆ తారీఖు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. పళ్లెం కింద పడేసి చూసేదాన్ని. ఒకసారి ఉలిక్కిపడేది, ఒకసారి పడేది కాదు. అప్పుడే ఆ స్టీరియో గుర్తొచ్చింది. రెండు స్పీకర్లు, దేనికి కావాలంటే దానికి శబ్దం మళ్లించవచ్చు. బిడ్డకు వినబడుతుందో లేదో నాకు నేనే తెలుసుకోవచ్చు.

ఒక ఆదివారం పొద్దున్నే దుప్పటి తీశాను. అత్త గడపలో కూర్చుని పాపతో అంది.

"ఇదిగో, నీ పెట్టి నీ కోడలు ఇప్పేత్తంది. సూత్తా కూకున్నావేటి?"

మా ఆయన నవ్వాడు. నేను పనిలో పడ్డాను. ట్యూనరు వెనక నుంచి ఎర్ర పిన్నూ తెల్ల పిన్నూ ఉన్న వైరు తీసి ఆంప్లిఫయరుకు పెట్టాను. గుయ్యిమని మోత. చూస్తే రికార్డు ప్లేయరు కోసం ఉన్న రంధ్రాల్లో పెట్టాను. మార్చి ట్యూనరు రంధ్రాల్లో పెడితే మోత ఆగింది. స్పీకరు తీగలు ప్లస్సు ప్లస్సుకు, మైనస్సు మైనస్సుకు బిగించాను. ఇక యాంటెన్నా. చదును వైరును ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో కోసి గోడకు కొట్టాను. బుస్సుమనడం తప్ప ఏ స్టేషనూ లేదు. కిటికీకి కట్టాను, దూలానికి కట్టాను. అదే బుస్సు. చుట్టూ కొండలు మరి.

"దింపీయే, మళ్లీ సూద్దాం," అన్నాడు మా ఆయన.

వైరు దింపి చేత్తో పట్టుకున్నాను. సుక్రి వచ్చి దాని కొస లాక్కుంది. లాక్కుని పెరట్లోకి నడిచింది. ఆడుకుంటోందనుకుని వెనకే వెళ్లాను. ముందున్న చెట్లన్నీ దాటి ఒక సిల్వర్ ఓక్ దగ్గర ఆగింది. చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్లి, మానుకు వైరు ఆనించి, రెండో చేత్తో మానును తట్టి పైకి చూసింది. నేను ఎత్తుకోబోతే రాలేదు.

"బావా, ఇలా రా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

మా ఆయన చెట్టెక్కి మిరియం తీగ పక్కకు తప్పించాడు. మాను బెరడు చేత్తో తడిమాడు. తర్వాత అన్నాడు, "ఇక్కడ ఇనప కడ్డీ ఉంది. మాను దీన్ని మింగీసింది."

అత్తను అడిగాం. పిడుగు పడుతుందని భయపడి, మా ఆయన హాస్టల్లో చదువుకునే రోజుల్లోనే మామ చెట్టు మీద కడ్డీకి కట్టిన యాంటెన్నాను తను తీయించిందట. "కడ్డీ కూడా తీసీసినాడనుకున్నాను. ఏ చెట్టో నాకే గుర్తు లేదు," అంది.

డిష్ టీవీకి వాడగా మిగిలిన కేబులుతో ఆ కడ్డీ నుంచి ఇంట్లోకి లైను లాగాను. విశాఖ స్టేషను ఖంగున వచ్చింది. స్టీరియో దీపం ఎర్రగా వెలిగింది. పక్క చెట్లకు కూడా కట్టి చూశాను. వాటికి రాలేదు.

గదిలో అటొక స్పీకరు, ఇటొక స్పీకరు, మధ్యలో సుక్రి. ఎడమ వైపు శబ్దం పెట్టాను. ఎడమకు తిరిగింది. కుడి వైపు పెట్టాను. అప్పుడూ ఎడమకే తిరిగింది. తీగలు అటూ ఇటూ మార్చి మళ్లీ చూశాను. ఎప్పుడూ ఎడమకే. బిడ్డకు వినబడుతోంది. ఒక చెవితో వినబడుతోంది. మేం కుడి పక్క నుంచి పిలిస్తే పాపం అవతలికి తిరిగి వెతుక్కునేది. మేమేమో వినలేదనుకున్నాం. గచ్చు మీద కూలబడి ఏడ్చాను.

విశాఖలో పరీక్ష కూడా అదే తేల్చింది. ఎడమ చెవి బాగుంది, మాటలు ఆలస్యమైనా వస్తాయన్నారు. ఇంతకు ముందు ఎక్కడ చూపించారని అడిగితే, "మా ఇంట్లోనండి, మా ఆవిడే సూసింది," అన్నాడు మా ఆయన ఛాతీ విరుచుకుని. డాక్టరమ్మ నా చేత ఆ పద్ధతంతా చెప్పించుకుంది. అంత గర్వం నాకు డిగ్రీ చేతికొచ్చిన రోజు కూడా కలగలేదు.

కానీ ఆ చెట్టు సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు. ఏమని చెప్పను? కడ్డీ కింది నుంచి కనబడదు. నేనే నిలబడి చూశాను, నేల మీద కూర్చుని పాప ఎత్తు నుంచీ చూశాను. ఆ సంగతి తెలిసి పాపకు చెప్పేవాళ్లు ఇంట్లో లేరు.

అత్తకు మాత్రం ఇందులో వింతేమీ లేదు. "ఆయన కట్టిన చెట్టు ఆయనకి తెలీదేటి?" అని చాటలో గింజలు చెరుగుతూ కూర్చుంది.

ఆ చెట్టు మీది కడ్డీ నుంచి స్పీకరు దాకా ప్రతి తీగా నేను బిగించిందే. ఎక్కడ ఏం జరుగుతుందో ఎవరడిగినా చెప్పగలను. నా బిడ్డ గడప దాటి ఆ చెట్టు దాకా ఎలా వెళ్లిందో మాత్రం చెప్పలేను.