ఆస్పత్రిలో మిగిలిన మల్లేశ్

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం, పొద్దున పదకొండు గంటలకు జరిగింది ఇది. దయ్యాలు, ఆత్మలు అన్నవాళ్లను ముఖం మీదే తిట్టే మనిషిని నేను. అక్షరాలు నేర్చిందే యాభై దాటాక. కల్పించి రాయడం నాకు రాదు.

నా తమ్ముడు మల్లేశ్ హైదరాబాద్ కార్వాన్‌లో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. వాడికి రక్త క్యాన్సర్, ఏళ్ల తరబడి మెల్లగా తినే రకం. ఎముకల మూలుగలో ఉండాల్సిన మూలకణాలు ఈ జబ్బులో రక్తంలోకి వచ్చి తిరుగుతుంటాయని డాక్టరమ్మ చెప్పింది. ఒక చేతి నుంచి రక్తం తీసి, మిషన్‌లో ఆ కణాలను వేరుచేసి, మిగతా రక్తం రెండో చేతికి ఎక్కించారు. కణాలను సంచిలో గడ్డకట్టించి ఆస్పత్రిలోనే దాచారు. జబ్బు ముదిరితే తిరిగి ఎక్కించవచ్చట. ఏళ్లు గడిచినా ప్రాణంతోనే ఉంటాయట.

ముదిరింది. ఎక్కించేలోపే వాడు పోయాడు.

మూడో రోజు మూసీ ఒడ్డున పిట్టకు పెట్టాం, అంటే పోయినవాడి పేర కాకులకు విస్తరి వేశాం. మటన్, కల్లు, బీడీ, అన్నీ వాడికి ఇష్టమైనవే. పిట్ట ముట్టేదాకా మేమెవరం తినకూడదు. వాడి భార్య సుగుణ అప్పటికే ఏమీ తినక షుగర్ పడిపోయి, కూర్చున్నచోటే ఒరిగిపోతోంది.

గోడ మీద కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు. పోయినవాడి మనసులో ఏదన్నా మిగిలితే ముట్టవంటారు. కాటికాపరి పోచయ్య చెప్తే దూరం జరిగాం. అయినా దిగలేదు.

"ఏంది బావా, మటన్ల ఉప్పు తక్కువైందా? బతికినన్ని దినాలు గిదే లొల్లి పెడ్తివి," అన్నాడు సుగుణ తమ్ముడు నర్సింగ్, విస్తరి వైపు చూసి. ఎవరూ నవ్వలేదు. బిడ్డను చదివిస్తామని మొక్కాం. వాడి మిషన్ల దుకాణం నడుపుతామన్నాం. కాకులు కదల్లేదు.

అప్పుడు వాడి బిడ్డ లావణ్య నాతో అంది: "పెద్దబాపు, బాపు మొత్తం పోలేదు గదా. ఆస్పత్రిల సంచి ఉన్నది గదా."

మేం మరిచిపోయాం. సుగుణ మరవలేదు.

"నేనే ఉంచుమన్న బావా. గదొక్కటన్న బతికున్నదని."

"మనిషే బూడిదైండు. గా సంచి పెట్టుకొని ఏం జేస్తవ్?" అన్నాను.

ఆమె విస్తరి వైపు తిరిగి, "ఆస్పత్రోళ్లకు పారబోయమని చెప్త. లావణ్య బాపూ, ఇగ నువ్వు పో," అంది.

కాకులన్నీ ఒక్కసారే దిగాయి. బీడీని కూడా ముక్కున కరుచుకుపోయాయి.

ఆస్పత్రికి ఫోన్ చేసింది ఆ తర్వాతే. అప్పటికి సంచి అక్కడే, చెక్కుచెదరకుండా ఉంది. కాకులు ఆకలికి దిగాయనుకుందామంటే, అంతసేపు ఎందుకు ఆగాయి? నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఆ రోజు అక్కడ ఉన్నది సుగుణ, లావణ్య, నర్సింగ్, పోచయ్య, నేను. మల్లేశ్ ఉన్నాడని రాయలేను. లేడని కూడా రాయలేను.