మైథిలి ఆపిన డప్పులు

బ్రెజిల్‌లోని సాల్వడార్ మహానగరంలో మోగే డప్పులన్నింటినీ మా ఎదురింటి మైథిలి ఒక్క దణ్ణంతో ఆపేసింది. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టింది. సముద్రం కూడా కాసేపు ఆగిందని రాద్దామనుకున్నాను గాని, అబద్ధమాడితే మా కాన్వెంటు సిస్టర్ మోకాళ్ళ మీద నిలబెట్టేది. ఆ మోకాళ్ళు ఇప్పటికీ సలుపుతున్నాయి. అందుకని కాస్త తగ్గిస్తున్నాను. ఊరంతా కాదు, ఒక వీధి. సముద్రం సంగతి నాకు తెలియదు. డప్పులు మాత్రం ఆగాయి.

మైథిలిది నిజామాబాద్. ఢిల్లీ పక్కనున్న వైశాలిలో మా తలుపుకు ఎదురు తలుపు ఆమెది. ఒంటరి మనిషి. నోయిడాలో ఒక కంపెనీలో అమెరికా వాళ్ళ జీతాల లెక్కలు చూస్తుంది. వాళ్ళకు పగలైతే మనకు రాత్రి గనుక ఏళ్ల తరబడి ఆమెకు రాత్రే ఆఫీసు. నేను పాలప్యాకెట్టు కోసం తలుపు తీసే వేళకు ఆమె కంపెనీ క్యాబ్ దిగి, లిఫ్టు గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని పైకి వస్తుంది. కిటికీలకు నల్లగుడ్డ కట్టుకుని పడుకుంటుంది. ఇక కింద కూరలబండి మైకు, పై ఫ్లాట్లో టైల్స్ కోసే మిషను, మా ఇంట్లో మిక్సీ.

"నిద్ర పట్టిందా అమ్మా?" అంటే, "పండుకున్న తాతగారూ. నిద్ర వట్టుడు వేరే ముచ్చట" అంటుంది.

లోకమంతా పడుకున్నట్టు చీకట్లో ఒక్క రాత్రి నిండా నిద్రపోవాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే. సెలవు రోజుల్లో ప్రయత్నించింది గాని ఒళ్ళు మాట వినలేదు. తెల్లార్లూ ఫ్యాను రెక్కలు చూస్తూ పడుకుంది.

చదువుకునే రోజుల్లో ఢిల్లీ మునిర్కాలో ఆమెతో ఒకే గదిలో ఉన్న ప్రణతి ఇప్పుడు పోర్చుగీసు పాఠాలు చెబుతుంది. కాకినాడ పిల్ల. "నువ్విక్కడ పొద్దున్నే పడుకునే టైముకు బ్రెజిల్లో రాత్రే కదే. నీ ఒంటికి ఏ మార్పూ అక్కర్లేదు. బ్యాగు భుజానికి తగిలించు, పోదాం" అంది. నిద్ర కోసం సముద్రాలు దాటిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. ఆఫీసులో సెలవెలా దొరికిందో అడగలేదు. ఎవరైనా వస్తే "టైఫాయిడ్, దగ్గరికి పోకండి" అని చెప్పమని మాత్రం నాకు పని అప్పజెప్పి వెళ్ళింది.

మూడు విమానాలు మారి పొద్దున్నే దిగితే, హాస్టల్లో గది సాయంత్రానికి గాని ఇవ్వమన్నారు. ప్రణతికి అదే పండగ. చర్చి, సంత, రేవు, మళ్ళీ చర్చి. ఆ ఊళ్ళో వీధులు రాళ్ళు పరిచినవి, అన్నీ ఎగుడే. వీపు మీద బ్యాగుతో ఒక ఎగుడు ఎక్కి మైథిలి రోడ్డు వారన కూలబడింది.

"నాతోని కాదే ప్రణతీ. నన్ను పండుకోనియ్యి."

"పడుకోడానికా ఇంత దూరం వచ్చాం?"

"అవ్. అందుకే వచ్చిన. నువ్వే తీస్కొచ్చినవ్."

ప్రణతి రెండో బ్యాగు కూడా తనే మోసింది.

పొద్దుగూకేసరికి గది దొరికింది. మైథిలి నైటీ వేసుకుని పక్క మీద వాలి కళ్ళు మూసింది. సరిగ్గా కిటికీ కిందే డప్పులు మొదలయ్యాయి. కిటికీ రెక్కలు కూడా తాళం వేశాయి.

మన ఢిల్లీలో పెళ్ళివారి డీజే ఆపాలంటే ఒకటే మంత్రం: బచ్చే కే బోర్డ్ ఎగ్జామ్ హైఁ. పిల్లాడికి బోర్డు పరీక్షలని. పిల్లల్లేని వాళ్ళకూ పనిచేస్తుంది. మైథిలి సగం నిద్రలో ఏ దేశంలో ఉన్నదీ మరిచిపోయి, వైశాలిలో కూరలకు దిగినట్టే నైటీ మీద చున్నీ వేసుకుని దిగింది. గుంపుకు అడ్డంగా నిలబడి రెండు చేతులూ జోడించింది. "భయ్యా, బచ్చే కే బోర్డ్ ఎగ్జామ్ హైఁ. ప్లీజ్."

ఆ రోజు శుక్రవారం. శుక్రవారం నాడు భక్తితో తెల్లబట్టలు కట్టేవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది. మైథిలి నైటీ ఉతికి ఉతికి పూలన్నీ వెలిసి తెల్లబడింది, చున్నీ కూడా తెలుపే. చేతులు జోడించి, కళ్ళు అరమూసిన ఆ మనిషిని ఏ మహాభక్తురాలో అనుకున్నారు. నాయకుడి చేతిలోని కర్ర గాల్లోనే ఆగింది. ప్రణతి నోట్లో బ్రష్షుతో పరుగున వచ్చి, మైథిలి అన్నమాట అన్నట్టే వాళ్ళ భాషలో చెప్పింది. అందరూ డప్పుల్ని చంటిపిల్లల్లా కడుపుకు అదుముకుని, మునివేళ్ళ మీద వీధి చివరికి పోయారు. మునివేళ్ళు నేను కలిపినవి. మిగతాది ప్రణతి మాటే.

గదిలో చీకటి. ఎక్కడా చప్పుడు లేదు. చాలాసేపు గడిచింది.

"ప్రణతీ."

"ఊఁ."

"నిద్రొస్తలేదే."

"ఇప్పుడేమైందే తల్లీ?"

"సప్పుడు లేదు."

ప్రణతి లేచి కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఆ ఒంటికి టైల్స్ మిషనూ, కూరల మైకూ, మా మిక్సీ ఉంటేనే పడక వేళ. నిశ్శబ్దమంటే ఆఫీసు. ఇద్దరూ దిగి వీధి చివరికి నడిచారు. మైథిలి తలొంచుకుని, "భయ్యా, బజాయియే" అంది. మళ్ళీ వాయించమన్న ఆ మాటను ప్రణతి సిగ్గుపడుతూ చేరవేసింది.

నాయకుడు ఏదో అడిగాడు.

"ఏమంటుండే?"

"మీవాడి పరీక్ష అయిపోయిందా అంటున్నాడు."

"అయిందని చెప్పు. పాసయిండని చెప్పు."

డప్పులు లేచాయి. మైథిలి చర్చి మెట్ల మీద కూర్చుని ప్రణతి భుజాన తల వాల్చింది, అంతే. ఊరు చూడాలని చచ్చేంత ఆశ ఉన్న ప్రణతి భుజం కదిలించకుండా ఆ ఒక్క మెట్టు మీదే కూర్చుంది. మైథిలి కళ్ళు తెరిచేసరికి వీధి ఖాళీ, ఆకాశం తెల్లబడుతోంది. క్యాబ్ కిటికీలోంచి రోజూ చూసే తెల్లవారుజామే అది. నిద్రపోయి లేచి చూడడం కొత్త.

ప్రణతి చేయి తిమ్మిరి మాత్రం రెండు రోజులు పోలేదట.

రాసింది నిన్న సాయంత్రం లిఫ్టు దగ్గర మైథిలికి చదివి వినిపించాను. కింద క్యాబ్ హారన్ కొడుతోంది. ఆమె ఎర్రబడ్డ కళ్ళతో చివరిదాకా విన్నది.

"ఏ సాల్వడార్ తాతగారూ? నేను యాడికి వోలే. నైటీ మీద రోడ్డెక్కుతనా నేను? నాకు టైఫాయిడ్. మంచం గూడ దిగలే."