నీడకు పోయిన మందుల డబ్బా

వర్ని నుంచి బోధన్‌కు రోజూ సాయన్న తోలే తుఫాన్ జీపులోనే వచ్చిపోతాను. బోధన్‌లో నాకు చిన్న కుట్టుమిషన్ దుకాణం ఉంది. కుదురుగా ఒకచోట కూర్చోలేని మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సాయన్న అచ్చం అలాంటివాడే. పోయినేడాది దాకా బండి ఆగితే చాలు, సీటు కింది ఫస్ట్ ఎయిడ్ డబ్బా చంకలో పెట్టుకుని నీడ వెతుక్కుంటూ పరుగెత్తేవాడు.

"నిరోషక్కా, బండి సూస్కో, గిప్పుడే వస్త" అని నాకో మాట పడేసి పోయేవాడు. నేనేం చూసుకోవాలి బండిని? నాకేమన్నా తోలడం వచ్చా?

ఒకప్పుడు షక్కర్ ఫ్యాక్టరీకి చెరుకు ట్రాక్టర్ తోలిన మనిషి. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఉన్నదంతా ఊడ్చి ఈ పాత తుఫాన్ కొన్నాడు. అప్పట్లో ఆ డబ్బా చెకింగ్ వాళ్లకు చూపడానికే ఉండేది. ముందు అద్దం దగ్గర ఎండలో, దసరాకు పెట్టిన పసుపు కుంకుమ బొట్లతో దర్జాగా కూర్చునేది. మూత తీసిన పాపాన ఎవరూ పోలేదు.

తర్వాత అతని భార్య గంగమణికి హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్ అయింది. కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ గోలీ వేసుకోవాలి. చిన్న గాయమైనా రక్తం తొందరగా ఆగదని డాక్టర్ చెప్పి పంపాడు. ఆమె చూస్తే బీడీలు చుట్టే మనిషి. తునికాకు కత్తిరించే కత్తెర చేతిలోంచి దిగదు. రోజూ బీడీల సంచితో ముందు సీట్లో కూర్చుని బోధన్ కార్ఖానాకు వస్తుంది. బండి నిండేదాకా ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కోస్తూనే ఉంటుంది. మానుకోమంటే వినదు. సాయన్న చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఊరుకున్నాడు.

హైదరాబాద్ నుంచి వచ్చిన రోజే అతను డబ్బా మూత తీశాడు. ప్లాస్టర్ల జిగురంతా కారి కాగితాలకు అంటుకుపోయింది. ట్యూబులోని మందు నూనెలా కారింది. చేతి తొడుగులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి.

"అవ్వో! గిదా నా ఇంటిదానికి గట్టేది?" అన్నాడు. మొహం పాలిపోయింది.

అంతే, ఆ రోజుతో మనిషికి నిద్ర దూరమైంది. కొత్త సామాను కొన్నాడు. సీటు కింద పెడితే ఇంజన్ వేడి. వెనక పెడితే జనం కాళ్లు. తడి గోనెసంచి చుడితే లోపల దూది చెమ్మగిల్లింది. చలికాలం మంచు పొద్దుల్లో ట్యూబు గట్టిపడిందని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాడు. మేమంతా పడీపడీ నవ్వాం. అతను నవ్వలేదు.

పోయినేడాది ఎండాకాలం బోధన్ బండ్ల అడ్డా దగ్గర ఎజాజ్ భాయ్ దుకాణంలో కూల్‌డ్రింకుల ఫ్రిజ్ దొరికింది. బండి ఆగడం ఆలస్యం, డబ్బా సోడాల పక్కన చేరేది. గంగమణి మాత్రం ముందు సీట్లో, కాలే రేకు కింద, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఆకు కోసేది.

నేను ఊరుకోలేక ఒకరోజు అడిగేశాను. "సాయన్నా, గామెను గూడ నీడకు తీస్కపోరాదా?"

"మనిషి ఓర్సుకుంటదక్కా. మందు ఓర్సుకోదు, ఖరాబైతది" అన్నాడు. గంగమణి నవ్వి, తల వంచుకుని కత్తెర ఆడించింది. నాకు మాత్రం అతని మీద కోపం ఆగలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం వర్నికి తిరిగి బయల్దేరాం. మా అక్క ఇంట్లో ఫంక్షన్ ఉందని నేనూ దుకాణం కట్టేసి ఎక్కాను.

"ఎండ దంచుతున్నది. డబ్బా నీ తాన్నే ఉండనియ్ భాయ్, సాయంత్రం తీస్కపోత" అని సాయన్న ఎజాజ్‌కు చెప్పడం నా చెవులారా విన్నాను.

రుద్రూర్ దాటాక రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. ఎదురుగా లారీ వచ్చింది. సాయన్న బ్రేకు కొట్టాడు. బండి నడుస్తున్నా ఆకు కోస్తూనే ఉన్న గంగమణి ఎడమ అరచేతిలో కత్తెర మొన దిగింది.

చాటలో ఆకంతా ఎర్రబడింది. సాయన్న సీటు కింద చెయ్యి పెట్టాడు. మళ్లీ పెట్టాడు. మ్యాట్లు లాగి పారేశాడు.

"డబ్బా! డబ్బా యాడున్నది?"

"బోధన్ల, ఫ్రిజ్‌ల సల్లగున్నది నీ డబ్బా! బండి తిప్పు!" అని అరిచాను.

నా సంచిలో జాకెట్లకు వేసే లైనింగ్ గుడ్డ ఉంది. ముందు సీట్లోకి దూరి, దాన్ని మడతపెట్టి ఆమె అరచేతిలో అదిమాను. చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. తడిసిన గుడ్డ తీయకుండా పైన ఇంకోటి, దాని పైన ఇంకోటి. రక్తం ఆగితేనా! సాయన్న హారన్ మీద చెయ్యి తీయకుండా తోలుతున్నాడు. "గంగూ, మాట్లాడే, మాట్లాడు" అంటూ ఏడుస్తున్నాడు. ఆమె నా భుజం మీద తల వాల్చి, "రోడ్డు సూడు" అంది.

బోధన్ దవాఖానలో కుట్లు వేశారు. రక్తం ఆగేదాకా మా ప్రాణాలు మా దగ్గర లేవు. గండం గడిచిందని డాక్టర్ చెప్పాకే నా చేతుల రక్తం కడుక్కున్నాను.

సంగతి తెలిసి ఎజాజ్ పరుగున వచ్చాడు. చేతిలో డబ్బా. దాని మీద ఇంకా నీటి చుక్కలున్నాయి.

"సాయన్నా, నీ డబ్బా" అన్నాడు పాపం.

సాయన్న తీసుకోలేదు. గంగమణి మంచం మీది నుంచి దాన్నే చూస్తూ మెల్లగా అంది. "రోజు దాన్ని సంకలవెట్టుకొని నీడకు ఉరుకుతివి. ఒక్కపారన్న నన్ను గూడ దిగుమంటవని సూసిన. నేను ఓర్సుకుంటనని నీకెవరు జెప్పిండ్రు?"

సాయన్న మంచం పక్కన కూలబడి ఆమె గాయం లేని చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. మనిషి మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో!

డబ్బా ఇప్పుడు బండిలోనే ఉంటుంది. వేసవికి ముందొకసారి, తర్వాతొకసారి సామాను మారుస్తాడు. దూది, కట్టు గుడ్డ, ప్లాస్టర్లు పట్టే చిన్న సంచి ఒకటి నేను కుట్టిచ్చాను. అది గంగమణి భుజానికే వేలాడుతుంది. ఆమె ఎక్కడికి పోతే అక్కడికి.

సాయన్నకు నిలకడ ఇప్పటికీ రాలేదు. నిన్న బోధన్‌లో బండి ఆగగానే దూకి, ఇటు తిరిగొచ్చి ముందు తలుపు తీశాడు.

"దిగు గంగూ, నీడకు పోదాం."

"గీ నాలుగాకులు గానియ్" అంది ఆమె.

అతను చాట అందుకుని, కత్తెర తన జేబులో వేసుకుని, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె దిగేదాకా కదల్లేదు.