పట్టపగటి లాంతరు

మా మామ అప్పు ఎగ్గొట్టేవాళ్ళకు భయపడేవాడు కాదు, కోర్టు నోటీసుకూ భయపడేవాడు కాదు. తేలంటే మాత్రం పై ప్రాణాలు పైనే పోయేవి. పంతొమ్మిది వందల యాభైల్లో ఆదోనిలో ఆయన శనక్కాయల మండీ ఎందుకు మునిగిందని ఎవరైనా అడిగితే, తేలు వల్ల అని చెబుతాను.

ఆయన మా అమ్మకు అన్న. అందుకే పేద సేద్యగాడి కూతురినైనా నన్ను కోడలిగా తెచ్చుకున్నాడు. రైతులు కాయలు అమ్మిన దుడ్లు ఆయన దగ్గరే దాచుకునేవాళ్ళు. ఆయన వాటిని పెట్టెలో పెట్టి పూజ చేసేవాడు కాదు, కొంత ఉంచుకుని మిగతాది నూనె మిల్లుకు అప్పిచ్చేవాడు. మిల్లు బొంబాయి వ్యాపారికి నూనె అరువిచ్చేది. బొంబాయి ఆయన నూనెను ఓడెక్కించి, ఇంగ్లీషు సీమ నుంచి రావలసిన సొమ్ము కోసం ఎదురుచూసేవాడు. ఇంతకీ దుడ్లు ఎవరి దగ్గరా లేవు. అందరి దగ్గరా 'వస్తాయి' అన్న మాట ఉంది. ఆ మాట మీదే మేము నెయ్యి వేసుకుని తిన్నాం.

మా నాన్న సొమ్మూ అక్కడే ఉండేది. ఆమడ దూరంలోని మా మెట్టచేనులో బావి తవ్వించాలని ఏళ్ళ తరబడి కడుపు కట్టుకుని దాచింది.

ఒక మిట్టమధ్యాహ్నం మండీలో గోతాల మధ్యకు తేలు దూరింది. మామ లాంతరు వెలిగించి వెతికించాడు. దొరకలేదు. లాంతరు గడప మీదే పెట్టించి, తాను మంచమెక్కి కాళ్ళు ముడుచుకున్నాడు. పట్టపగలు అంగడి గడపలో దీపం పెడితే దివాలా తీశానని చాటినట్టని వర్తకుల్లో పాత ఆచారం. బజారులో పిల్లులకు కూడా ఆ సంగతి తెలుసు. మామకూ తెలుసు, కానీ తేలు ముందు ఆచారం ఎవరికి గుర్తుంటుంది?

అందరికన్నా ముందు ఒక మోతుబరి రైతు వచ్చాడు.

"ఏమప్పా, దీపం పెట్టినావంట. నా దుడ్లు నాకిచ్చి యాడికన్నా పో."

"తేలు దూరిందప్పా, దానికోసం పెట్టినా," అన్నాడు మామ మంచం మీది నుంచే.

"శానా పెద్ద తేలే ఉన్నట్టుండాది," అన్నాడు వెనకనున్న ఇంకో రైతు. అందరూ నవ్వారు గానీ ఒక్కరూ కదల్లేదు.

నమ్మకం నిలబడాలని మామ అడిగినవాళ్ళకల్లా ఇచ్చాడు. పెట్టె ఖాళీ అవుతోందని తెలిసి, అడగనివాళ్ళూ పరుగెత్తుకొచ్చారు. బాకీ కోసం మిల్లుకు మనిషిని పంపితే, దివాలా తీసినవాడికి అంత తొందరేమిటన్నారట. పొద్దున నిక్షేపంగా ఉన్న మండీ పొద్దుగుంకే వేళకు నిజంగానే దివాలాకు వచ్చింది. పెద్ద పెద్ద బ్యాంకులూ ఇలాగే మునుగుతాయని తర్వాత పేపర్లో చదివాను. వాళ్ళకు తేలు కూడా అక్కర్లేదట.

కబురు విని నాన్న బండి కట్టుకుని వచ్చేసరికి పెట్టెలో ఇంకా కొంత ఉంది. అడగమని మండీ వెనకున్న మా ఇంటి తలుపు చాటు నుంచి సైగ చేశాను.

"నీ సంగతేమి బావా?" అన్నాడు మామ తలెత్తకుండా.

"నాదేముండాది బావా. నా కూతురే ఈడ ఉండాది, నా దుడ్లు యాడికి పోతాయి," అని నాన్న నేనిచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. మిగిలిందంతా వెనక వచ్చినవాళ్ళు పట్టుకుపోయారు.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతుంది. అనుమానించినవాళ్ళు గట్టెక్కారు, నమ్మినవాడు మునిగాడు.

మరుసటి ఎండాకాలం ఆ మోతుబరి రైతు తన చేనులో బావి తవ్వించాడు. కూలి బాగా ఇస్తున్నాడని మా నాన్న తవ్వడానికి పోయాడు.