ఉల్లిగడ్డల కుర్మయ్య

మేడ్చల్ గల్లీల్లో కుర్మయ్య మొహం తెలియనివాళ్లు ఉండొచ్చు గానీ, గొంతు తెలియనివాళ్లు లేరు. ఆటో మీద రెండు మైకులు కట్టుకుని, నడిచేవాళ్లు కూడా దాటిపోయేంత మెల్లగా తోలుతూ తిరిగేవాడు. చీరల డిస్కౌంటు, ఇంటిపన్ను గడువు, తప్పిపోయిన బర్రె, పోయిన మనిషి అంతిమయాత్ర, అన్నీ ఆయన నోటే వినాలి. ఎండపూట మగతలో మునిగిన ఇళ్ల మధ్య నుంచి ఆ గొంతు తేలుతూ వస్తే, కునుకు తీస్తున్నవాళ్లు కూడా లేచి గుమ్మంలోకి వచ్చేవాళ్లు.

కుర్మయ్యకూ ఆ వేళ సగం కలలాగే ఉండేది. తన గొంతు గోడలకు తగిలి తిరిగొస్తుంటే, అది ఎవరో పెద్దమనిషి గొంతనీ, ఆయన ముందు నడుస్తుంటే తాను వెనక ఆటో తోలుకుంటూ పోతున్నాననీ అనిపించేది. ఆ పెద్దమనిషి ఇన్నేళ్లలో ఒక్క అబద్ధం చెప్పలేదు. కుర్మయ్యకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అదే.

వేసవిలో ఒకరోజు, రైలుపట్టాల పక్క కాలనీలో మహేందర్ అనే మేస్త్రీ తాగి ఇంట్లో గడియ పెట్టుకున్నాడు. భార్య పుట్టింటికి వెళ్లిపోయిందని కోపం. లోపల ఆరేళ్ల కూతురు సహస్ర, ఆ పిల్ల మెడ దగ్గర కొడవలి. భార్య వచ్చేదాకా తలుపు తీయనని కిటికీలోంచి అరుస్తున్నాడు. పోలీసులు చేరుకునేసరికే గల్లీ నిండా జనం. పక్క వీధిలో దుప్పట్ల సేల్ చెబుతున్న కుర్మయ్యను ఎస్సై అంకిత పిలిపించింది.

"పెద్దాయనా, అందరిని ఇండ్లల్లకు పొమ్మని జర మైకుల చెప్పు."

కుర్మయ్య తనకు చేతనైన తీరులో చెప్పాడు. "కాలనీవాసులకు విజ్ఞప్తి! ఎవ్వరూ బయటకు రావద్దు!" ఇంకేముంది, అందరూ వచ్చేశారు. కుర్మయ్య మైకు మోగితే బయటికి రావాలన్నది ఆ ఊరికి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. పక్కనున్న రెండు కాలనీల వాళ్లు కూడా వచ్చారు. పిట్టగోడలు నిండిపోయాయి, ఫోన్లు పైకి లేచాయి. ఎవడో బుద్ధి లేనివాడు "మహేందర్, ఇటు సూడు!" అని కేక వేశాడు. ఆ కేకకు కిటికీలో కొడవలి పిల్ల మెడకు ఇంకా దగ్గరైంది.

"తలుపు పగలగొడదాం మేడం," అన్నాడు హెడ్‌కానిస్టేబుల్.

"తలుపు మీద మొదటి దెబ్బ పడంగనే పిల్ల మీద కొడవలి పడదా?"

"అయితే కాల్చాలె."

"కిటికీకి అటూ ఇటూ జనమే. తూటా వాని దగ్గర్నే ఆగుతదని నువ్వు రాసిస్తవా?" అంది అంకిత. "గింతమంది జూస్తాంటే వాడు సిగ్గుకే సచ్చిపోతాండు. జనం లేకుంటే నేను మాట్లాడుత. మాట్లాడితే ఇంటడు."

ఆ మాటలు పక్కనే ఆటోలో కూర్చున్న కుర్మయ్య చెవిన పడ్డాయి. పొమ్మంటే ఈ జనం పోరు. ఏం చెబితే పోతారో మేడ్చల్ మొత్తంలో ఆయన ఒక్కడికే తెలుసు. ముందు నడిచే పెద్దమనిషిని తలుచుకుంటే ఏడుపొచ్చింది. అయినా ఆటో స్టార్ట్ చేశాడు.

"ఉల్లిగడ్డలు! బస్ డిపో వెనక మైదానంలో లారీ దిగింది! బజార్ల సగం ధరకే! అయిపోకముందే రండి!"

పిట్టగోడల మీది జనం దిగారు. ఇళ్లలోంచి సంచులొచ్చాయి. తెల్లటి ఎండలో ఆటో ముందు, జనం వెనక. ఎవరూ మాట్లాడుకోవడం లేదు, చెప్పుల చప్పుడు మాత్రం వినబడుతోంది. నిద్రలో నడుస్తున్నవాళ్లను తీసుకుపోతున్నట్టు ఉంది కుర్మయ్యకు. తానూ ఆ నిద్రలోనే ఉన్నాడేమో. దారి పొడవునా ఆయన గొంతు అరుస్తూనే ఉంది, ఆయన మాత్రం అందులో లేడు.

మైదానంలో నాలుగు మేకలు తప్ప ఏమీ లేవు. జనం తిట్లు మొదలుపెడుతుండగానే కబురొచ్చింది. ఎస్సై మాట్లాడితే మహేందర్ కొడవలి కిటికీలోంచి బయట పడేశాడట, పిల్ల క్షేమమట.

ఆ తర్వాత శోభారాణి చాయ్ దుకాణం దగ్గర వాదన మొదలైంది. ప్లాట్ల వ్యాపారం చేసే మల్లేశం గట్టి గొంతుతో తీర్పు చెప్పాడు. "కాలు మీద ఒక్క తూటా ఏస్తే కిస్సా ఖతం. పోలీసోళ్లకు దమ్ము లేదు."

"గప్పుడు నువ్వు గా కిటికీకి ఎదురుంగ నిలవడి వీడియో తీస్తున్నవ్ మల్లేశన్నా," అంది శోభారాణి. "గురి తప్పితే ఇయ్యాల నా చాయ్ ఎవరు తాగుదురు?"

మల్లేశం మాట మార్చాడు. "సరే, కాల్చకుంటే కాల్చకపాయె. గని జనానికి అబద్ధం చెప్పుడేంది? గట్ల చెప్పియ్యనీకి పోలీసులకు హక్కున్నదా?"

"వాళ్లు చెప్పమనలే. నేనే చెప్పిన," అన్నాడు కుర్మయ్య.

"అయితే ఇంకా తప్పు! నీ మాట మీద సంచి పట్టుకొని ఎండల పోయిన. మా ఇంటామె ఇప్పటికీ నవ్వుతాంది!"

తూటా మీద వాదన కొద్దిరోజుల్లో చల్లారింది. ఉల్లిగడ్డల మీద మాత్రం చల్లారలేదు. ప్రాణం దక్కిందని సంతోషించడానికి మనుషులకు ఒక్క పూట చాలు, మోసపోయిన సంగతి మరిచిపోవడానికి ఏళ్లు కావాలి. ఆయనకు 'ఉల్లిగడ్డల కుర్మయ్య' అని పేరు పడింది. మైకు మోగితే తలుపులు తెరుచుకోవడం మానేశాయి. చీరల దుకాణం వాళ్లు రికార్డు చేసిన వేరే గొంతు పెట్టుకున్నారు.

నీళ్లకు కటకటగా ఉన్న ఒక మధ్యాహ్నం, మున్సిపాలిటీ ట్యాంకర్ ముందు ఆటో తోలుతూ కుర్మయ్య రైలుపట్టాల కాలనీకి వచ్చాడు. "తాగునీళ్లొచ్చినయి! బిందెలు తెచ్చుకోండి!" ఒక్క తలుపూ తెరుచుకోలేదు. కిటికీ వెనక ఎవరో నవ్వారు. ఎవరూ రాకపోతే తిరిగిపోతానన్నాడు ట్యాంకర్ డ్రైవర్. కుర్మయ్య మైకు ఆపేశాడు.

అప్పుడొచ్చింది సహస్ర. తల్లి తిరిగొచ్చి కూలికి పోతోంది, ఇంట్లో ఒక్కతే ఉన్నట్టుంది. తన పొట్టకన్నా పెద్ద బిందెను రెండు చేతులా పట్టుకుని వచ్చింది.

"ఒక్కదానివే వచ్చినవేంది బిడ్డా?"

"నువ్వు పిలిచినవ్ గద తాతా."

బిందె కింద పెట్టి, ఆయన వైపు చూడకుండా అంది. "గా రోజు లోపటికి నీ మైకు ఇనవడ్డది. నువ్వున్నవ్ గదా అనుకున్న. తర్వాత దూరం పోయినవ్. అందరిని తీస్కపోయినవ్, ఉల్లిగడ్డలకు. నేను మస్తు ఏడ్చిన."

కుర్మయ్య ఇన్నాళ్లూ పోయిన తన మాట కోసమే కుమిలాడు. ఆ గొంతు దూరమవుతుంటే లోపలున్న పిల్లకు ఏమై ఉంటుందో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆటో దిగి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆడ ఉల్లిగడ్డలు లేవు బిడ్డా. అందరిని నీ కాడికెల్లి పంపియ్యాల్నని అబద్ధమాడిన. నీ కోసమే పోయిన."

"మరి నాకు చెప్పి పోవద్దా?"

"తప్పయింది బిడ్డా," అన్నాడు కుర్మయ్య.

"సరే," అంది సహస్ర. "బిందె పట్టు. నాకు లేవదు."