సౌర తుఫానుకు విడుపు ఎప్పుడు

సూర్యుడి మీద పేలుడు జరిగిందన్న కబురు వినగానే మా అత్త నన్ను అడిగింది, పట్టు ఎప్పుడు, విడుపు ఎప్పుడు అని. ధ్రువాల మీది ఓజోన్‌ను ఉపగ్రహం కొలిచి పంపిస్తే, ఆ లెక్కలు చూడటం నా ఉద్యోగం. తోటపల్లి గూడూరు దగ్గర, మా రొయ్యల గుంటల పక్కనే ఉన్న ఇంట్లో కూర్చుని చూస్తాను. అప్పుడు నాకు ఆరో నెల. అంతకు ముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది.

ఇది గ్రహణం కాదని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నా నోరు ఊరుకోదు. సూర్యుడు విసిరిన కణాలు ధ్రువాల మీదే దిగుతాయనీ, అక్కడి గాలిని చెదరగొట్టి ఓజోన్‌ను తినేసే వాయువుల్ని పుట్టిస్తాయనీ చెప్పాను. తుఫాను త్వరగానే పోయినా, ఉత్తర ధ్రువంలో ఇది ఎండ లేని కాలం గనక ఆ వాయువులు వసంతం దాకా మిగలవచ్చని కూడా చెప్పాను.

"అయితే ఉగాదికి విడుపు," అంది అత్త.

నా కాన్పు అంతకన్నా ముందే. ఇంకేముంది, ఆవకాయ జాడీల మీదా పాలగిన్నె మీదా దర్భలు వెలిశాయి. కత్తిపీట మాయమైంది. నన్ను వాకిలి దాటనివ్వలేదు. రొయ్యలకూ మేత ఆపమంటే, ఉగాది దాకా పస్తులుంటే గుంటలో నీళ్లే మిగులుతాయని మా ఆయన మొత్తుకున్నాడు. చివరికి రొయ్యలకు మినహాయింపు దొరికింది గానీ నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్‌కు దర్భ కట్టక తప్పలేదు. అది తిరగడం మొదలుపెట్టగానే దర్భను గుంటలోకి విసిరేసింది. రొయ్యలకు అదే మేలంది అత్త.

నాకు ఒళ్లు మండిపోయింది. ముందటి బిడ్డ పోయిన రోజున ఏ గ్రహణం ఉందని గట్టిగానే అడిగాను.

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. "ఏదీ లేదు పాపా. ఎందుకు పోయిందో ఒకరన్నా చెప్పినారా? ఈసారి పేరుండే గండం వచ్చింది. దీన్నన్నా అడ్డుకోనీ నన్ను."

నాకూ భయమే, ఆమెకంటే ఎక్కువ భయం.

నా కంప్యూటర్ తెర మీద ధ్రువం పటం ఉంది. ఓజోన్ తగ్గిన చోటు నీలంగా కనిపిస్తోంది. అత్త ఆ నీలం మీద వేలు పెట్టింది.

"ఆడ కడుపుతో ఉండే ఆడబిడ్డలు ఉంటారా?"

ఉంటారన్నాను. ఆ గాలి మనుషులకు అందనంత ఎత్తులో ఉందని చెప్పబోయి ఆగిపోయాను. ఆమె కొంగున కట్టుకున్న దర్భపోచ తీసి తెరకు అడ్డంగా ఇరికించింది. దాని కింద అంకెలు సరిగా కనబడక ఆ సాయంత్రమంతా తల అటూ ఇటూ వంచి పని చేసుకున్నాను. పోచను మాత్రం తీయలేదు.